స్పోర్ట్స్ కారుకు టర్బో కిట్.. బిగించడం ఒక ఎత్తు, ఇంజిన్‌ను బతికించడం మరో ఎత్తు!

చూడ్డానికి కారు బుల్లెట్‌లా ఉంటుంది. హైవే ఎక్కి యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం.. పక్క లేన్‌లో వెళ్తున్న ఫ్యామిలీ ఎస్‌యూవీ కూడా ముందుకెళ్లిపోతుంది. 'టర్బో కిట్ వేసేద్దాం' అన్న ఆలోచన సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

అమెరికా, ఆస్ట్రేలియాల్లో చదువు అయిపోయి ఉద్యోగంలో చేరిన మన కుర్రాళ్లు కూడా సెకండ్ హ్యాండ్‌లో స్పోర్ట్స్ కారు కొనాలంటే చూసే పేర్లలో టయోటా 86 ఒకటి. ఇదే కారు సుబారు బీఆర్‌జెడ్‌గా, అమెరికాలో మొదట సియాన్ ఎఫ్‌ఆర్-ఎస్‌గా అమ్ముడైంది. 2012లో మార్కెట్లోకి వచ్చింది. ఇండియాలోకి అధికారికంగా రాలేదు. దీనికి టర్బో కిట్లు బోలెడు దొరుకుతాయి. వీడియోల్లో 30 సెకన్లలో బానెట్ తెరుచుకుంటుంది, మెరిసే పైపులు కనిపిస్తాయి, ఆ వెంటనే టైర్ల నుంచి పొగ వస్తుంది.

మరి ఆ 30 సెకన్లలో చూపించనిది ఏంటి? కిట్ వేసిన తర్వాత కొన్ని ఇంజిన్లు ఏళ్ల తరబడి నడుస్తుంటే, కొన్ని ఎందుకు చేతులెత్తేస్తున్నాయి? వివరంగా చూద్దాం.

అసలు టర్బో ఏం చేస్తుంది?

ఇంజిన్‌కు పవర్ రావాలంటే పెట్రోల్ కాలాలి. పెట్రోల్ కాలాలంటే గాలి కావాలి. మామూలు ఇంజిన్ పిస్టన్ కిందికి దిగినప్పుడు ఎంత గాలి లోపలికి వస్తే అంతతోనే సరిపెట్టుకుంటుంది. టర్బో అలా కాదు. సైలెన్సర్ వైపు వృథాగా వెళ్లిపోయే వేడి పొగతో ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే షాఫ్ట్‌కు రెండో వైపున్న చక్రం బయటి గాలిని లాగి, నొక్కి ఇంజిన్‌లోకి పంపిస్తుంది. ఈ షాఫ్ట్ నిమిషానికి లక్ష సార్లకు పైగా తిరుగుతుంది.

ఇలా అదనంగా ఇచ్చే ఒత్తిడినే 'బూస్ట్' అంటారు. దీన్ని పీఎస్‌ఐల్లో కొలుస్తారు. ఈ కారు కిట్లలో 7 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టడం మామూలే. వినడానికి చిన్న అంకెలా ఉంటుంది. కారు టైరులో కొట్టించే 32 పీఎస్‌ఐలో నాలుగో వంతు కూడా లేదు కదా అనిపిస్తుంది.

కానీ లెక్క వేరే ఉంది. సముద్ర మట్టం దగ్గర గాలి సహజ ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ. దానికి 7 కలిస్తే లోపలికి వెళ్లే గాలి లెక్క ప్రకారం దాదాపు 48 శాతం పెరుగుతుంది. అంటే ఒకటిన్నర ఇంజిన్ తినే గాలిని ఒక్క ఇంజిన్‌తో తినిపిస్తున్నట్టు. పవర్ వచ్చేది ఇక్కడే. ప్రమాదం మొదలయ్యేదీ ఇక్కడే.

కంపెనీ టర్బో పెడితే ఏం మార్చిందో చూడండి

ఈ కారులో ఉన్నది సుబారు తయారు చేసిన ఎఫ్‌ఏ20 అనే 2 లీటర్ల ఇంజిన్. నాలుగు సిలిండర్లు నిలువుగా ఉండవు. రెండు అటు, రెండు ఇటు పడుకుని ఉంటాయి. 200 హార్స్‌పవర్. కంప్రెషన్ రేషియో 12.5:1. అంటే సిలిండర్‌లోకి వచ్చిన గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని పిస్టన్ పన్నెండున్నర వంతుల నుంచి ఒక వంతుకు నొక్కేస్తుంది. టర్బో లేని ఇంజిన్‌లో పవర్ పిండుకోవాలంటే ఇంత గట్టిగా నొక్కాల్సిందే.

ఇప్పుడు ఇంకో కారు చూద్దాం. 2015 మోడల్ సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్. అందులోనూ ఎఫ్‌ఏ20 కుటుంబానికి చెందిన 2 లీటర్ల ఇంజినే. కానీ కంపెనీయే టర్బో పెట్టింది. 268 హార్స్‌పవర్ తెచ్చింది. అలాగని పాత ఇంజిన్‌కు టర్బో తగిలించి వదిలేయలేదు.

* కంప్రెషన్ రేషియోను 12.5 నుంచి 10.6కు తగ్గించింది.
* ఇంజిన్ పైన ఇంటర్‌కూలర్ పెట్టి, దానికి గాలి తగిలేలా బానెట్‌కు రంధ్రం పెట్టింది.
* పెట్రోల్ పంపే వ్యవస్థను, ఈసీయూ ప్రోగ్రామ్‌ను టర్బోకు తగ్గట్టు తయారు చేసింది.
* ఇంజిన్ ఆయిల్ కూడా మార్చింది. టర్బో లేని కారుకు 0డబ్ల్యూ-20 ఆయిల్ అయితే, డబ్ల్యూఆర్‌ఎక్స్‌కు వేడిలోనూ చిక్కగా ఉండే 5డబ్ల్యూ-30.

ఆ తర్వాత 2.4 లీటర్ల ఇంజిన్లు వచ్చినప్పుడూ ఇదే పద్ధతి. టర్బో లేని జీఆర్86కు 12.5:1, టర్బో ఉన్న డబ్ల్యూఆర్‌ఎక్స్‌కు 10.6:1.

మరి మనం కొనే కిట్? టర్బో, పైపులు, ఇంటర్‌కూలర్ ఇస్తుంది. లోపల పిస్టన్లు మాత్రం పాతవే. 12.5:1 అలాగే ఉంటుంది. కంపెనీ ఇంజిన్ లోపల చేసిన మార్పును మనం బయటి నుంచి భర్తీ చేయాలి. పెట్రోల్, స్పార్క్ టైమింగ్, చల్లదనం.. ఈ మూడింటితోనే ఆ లోటు పూడ్చాలి. మొత్తం కథ ఇదే.

ఇంజిన్‌ను చంపేది 'నాకింగ్'

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినప్పుడు కింది భాగం వేడెక్కడం అందరికీ తెలిసిందే. 30 డిగ్రీల గాలిని 7 పీఎస్‌ఐ బూస్ట్‌కు నొక్కితే మామూలు టర్బోలో అది దాదాపు 80 డిగ్రీలకు చేరుతుంది. ఆ గాలిని అలాగే ఇంజిన్‌లోకి వదిలితే, 12.5:1 దగ్గర పిస్టన్ మళ్లీ నొక్కుతుంది. వేడి ఇంకా పెరుగుతుంది.

దాంతో స్పార్క్ ప్లగ్ వెలిగించిన మంట పూర్తిగా పాకక ముందే, మూలన మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలుతుంది. దీన్నే నాకింగ్ అంటారు. పిస్టన్ మీద సుత్తితో కొట్టినట్టే. బయటికి సన్నగా టకటకమని వినిపించొచ్చు. సైలెన్సర్ మోతలో అదీ వినిపించకపోవచ్చు. గట్టిగా వస్తే పిస్టన్ అంచులు విరగడానికి కొన్ని సెకన్లు చాలు.

రెండో ముప్పు పెట్రోల్ తగ్గడం. గాలి 48 శాతం పెరిగితే పెట్రోల్ కూడా కనీసం అంతే పెరగాలి. నిజానికి ఇంకా ఎక్కువే కావాలి. మామూలుగా పూర్తిగా కాలాలంటే 14.7 వంతుల గాలికి ఒక వంతు పెట్రోల్ సరిపోతుంది. బూస్ట్‌లో ఉన్నప్పుడు ట్యూనర్లు దాన్ని 11.5 - 12 వంతుల గాలికి ఒక వంతు దాకా తెస్తారు. అదనపు పెట్రోల్ ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. ఇంజెక్టర్లు అంత పెట్రోల్ అందించలేకపోతే మిశ్రమం పలచబడుతుంది. వేడి పెరుగుతుంది. మళ్లీ నాకింగే.

మూడోది కనెక్టింగ్ రాడ్లు. పిస్టన్‌ను క్రాంక్‌తో కలిపేవి ఇవే. ఈ ఇంజిన్‌లో రాడ్లు మార్చకుండా చక్రాల దగ్గర 300 హార్స్‌పవర్ దాటించకూడదన్నది ట్యూనర్లు పాటించే గీత. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. రాడ్‌ను వంచేది పైన వచ్చే హార్స్‌పవర్ కంటే, తక్కువ ఆర్‌పీఎంలో ఒక్కసారిగా వచ్చే టార్క్. అందుకే మంచి ట్యూనర్ 3 వేల ఆర్‌పీఎం దగ్గరే బూస్ట్ మొత్తం వదిలేయడు. మెల్లగా పెంచుతాడు.

కిట్ కొనేముందు కారును చూపించండి

సెకండ్ హ్యాండ్ కారు అంటే దాని పాత జీవితం మనకు తెలియదు. అందుకే ముందు ఇంజిన్ ఆరోగ్య పరీక్ష తప్పనిసరి.

* కంప్రెషన్ టెస్ట్, లీక్‌డౌన్ టెస్ట్: నాలుగు సిలిండర్లలోనూ రీడింగ్ దాదాపు సమానంగా ఉండాలి. ఒకదాంట్లో బాగా తక్కువ వస్తే టర్బో ఆలోచన అక్కడే ఆపేయాలి.
* రీకాల్ చరిత్ర: 2013 మోడల్ కార్లలో వాల్వ్ స్ప్రింగులకు 2018లో రీకాల్ వచ్చింది. ఇంజిన్‌ను బయటికి దించి చేయాల్సిన పని అది. మీ కారుకు అయిందో లేదో, కారు నంబర్‌తో డీలర్ దగ్గర కనుక్కోవచ్చు.
* డైనో రీడింగ్: రోలర్ల మీద కారు నడిపి పవర్ కొలిచే మెషిన్ ఇది. ఇంజిన్ దగ్గర 200 ఉన్న ఈ కారు చక్రాల దగ్గర సుమారు 165 - 170 చూపిస్తుంది. టర్బో తర్వాత పోల్చుకోవడానికి ఈ అంకె కావాలి.

బిగించే పని.. వరుసగా ఇలా

ముందుగా బ్యాటరీ వైరు తీసి, కూలెంట్, ఆయిల్ దించేస్తారు. ముందు బంపర్ ఊడదీస్తారు. ఆ తర్వాత అసలు పని.

1. పాత ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ తీయడం. ఈ ఇంజిన్‌లో పొగ బయటికొచ్చే దారి కింది వైపు ఉంటుంది. కాబట్టి కారును లిఫ్ట్ ఎక్కించాల్సిందే. ఈ మానిఫోల్డ్‌లోనే మొదటి క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చట్టం దగ్గర మళ్లీ వస్తుంది.

2. కొత్త మానిఫోల్డ్, టర్బో ఎక్కించడం. కొత్త ప్యాకింగులే వేయాలి. నట్లు చేతి అంచనాతో కాకుండా టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఇక్కడ వేడి 800 డిగ్రీలు దాటుతుంది. పక్కనున్న వైర్లకు, హోసులకు వేడి తగలకుండా షీల్డ్ కట్టాలి.

3. ఆయిల్ లైన్లు. టర్బో షాఫ్ట్ తిరిగేది పల్చటి ఆయిల్ పొర మీద. ఇంజిన్ నుంచి ఆయిల్ వచ్చే పైపు సన్నగా, ఒత్తిడితో ఉంటుంది. తిరిగి వెళ్లే పైపు మాత్రం లావుగా, పై నుంచి కిందికి వాలుగా ఉండాలి. ఎందుకంటే ఆయిల్ తిరిగి వెళ్లేది తన బరువుతోనే. పైపు ఎక్కడైనా మడతపడినా, పైకి ఎక్కినా ఆయిల్ నిలిచిపోతుంది. సీళ్లు దాటి సైలెన్సర్‌లోకి కారుతుంది. తెల్లటి, నీలపు పొగ వస్తుంది. చాలామంది టర్బో పోయిందనుకుంటారు. నిజానికి పైపు తప్పుగా వేసి ఉంటారు. టర్బో బాగా కిందికి వచ్చే కిట్లలో ఆయిల్‌ను వెనక్కి లాగడానికి చిన్న పంపు కూడా ఉంటుంది.

4. ఇంటర్‌కూలర్, పైపులు. బంపర్ వెనక, రేడియేటర్ ముందు ఇంటర్‌కూలర్ కూర్చుంటుంది. వేడెక్కిన గాలి దీంట్లోంచి వెళ్లి చల్లబడుతుంది. పైపులన్నీ కలిపాక సబ్బు నీళ్ల పరీక్ష చేస్తారు. పైపుల్లోకి గాలి ఎక్కించి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లుతారు. బుడగ వచ్చిందంటే లీక్ ఉన్నట్టే. పంక్చర్ షాపులో ట్యూబును నీళ్లలో ముంచి చూసినట్టే.

5. వేస్ట్‌గేట్, బ్లో-ఆఫ్ వాల్వ్. బూస్ట్ గీత దాటకుండా పొగను పక్కదారి పట్టించేది వేస్ట్‌గేట్. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఆగిపోయిన గాలిని వదిలేసేది బ్లో-ఆఫ్ వాల్వ్. వీడియోల్లో వినిపించే ఆ 'ఫ్ష్..' శబ్దం దీనిదే. ఈ శబ్దం రాకపోయినా కారుకు ఏమీ కాదు. కానీ వేస్ట్‌గేట్ హోస్ ఒక్కటి ఊడితే బూస్ట్ అదుపు తప్పుతుంది. ఇంజిన్ పోతుంది.

6. పెట్రోల్, ప్లగ్గులు. అవసరాన్ని బట్టి పెద్ద ఇంజెక్టర్లు, పెద్ద ఫ్యూయల్ పంపు వేస్తారు. స్పార్క్ ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి వేసి, గ్యాప్ తగ్గిస్తారు. లేకపోతే బూస్ట్ ఒత్తిడికి నిప్పురవ్వ ఆరిపోతుంది.

7. మొదటి స్టార్ట్. వెంటనే స్టార్ట్ చేయకూడదు. పెట్రోల్, స్పార్క్ ఆపేసి స్టార్టర్‌తో కొద్దిసేపు తిప్పాలి. టర్బోలోకి ఆయిల్ చేరాలి. ఆ తర్వాతే స్టార్ట్ చేయాలి. ఐడిల్‌లో ఉంచి ఆయిల్, కూలెంట్ లీకులు చూడాలి. వేడెక్కి చల్లారాక నట్లు మరోసారి చెక్ చేయాలి.

ట్యూనింగ్.. ఇదే ప్రాణం

బిగింపు అయ్యాక కారు స్టార్ట్ అవుతుంది. రోడ్డెక్కుతుంది కూడా. అందుకే చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. 'ట్యూనింగ్ వచ్చే నెల జీతం వచ్చాక చూద్దాం' అనుకుంటారు.

కారు కంప్యూటర్‌కు, అంటే ఈసీయూకు ఇప్పటికీ టర్బో ఉందని తెలియదు. 200 హార్స్‌పవర్ ఇంజిన్‌కు రాసిన లెక్కలతోనే స్పార్క్ ఇస్తుంది. బూస్ట్‌లో ఆ టైమింగ్ చాలా ముందుకు ఉన్నట్టు. కిట్‌తో వచ్చే 'బేస్ మ్యాప్' కూడా కారును ట్యూనర్ దగ్గరికి నెమ్మదిగా నడిపించుకెళ్లడానికే. రేసులకు కాదు.

ట్యూనర్ డైనో మీద కారును నడిపిస్తూ ఎగ్జాస్ట్‌లో వైడ్‌బ్యాండ్ సెన్సర్‌తో గాలి, పెట్రోల్ నిష్పత్తి చూస్తాడు. నాక్ సెన్సర్ ఏం చెబుతోందో గమనిస్తాడు. ముందు తక్కువ బూస్ట్, ఎక్కువ పెట్రోల్, వెనక్కి జరిపిన టైమింగ్‌తో మొదలుపెడతాడు. అక్కడి నుంచి కొంచెం కొంచెం పెంచుతాడు. నాక్ కనిపించగానే వెనక్కి తగ్గుతాడు. చివరికి వచ్చేది గరిష్ఠ పవర్ కాదు. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఆ తర్వాత హైవే ఎక్కినా నాక్ రాని పవర్.

91 అంటే అన్నిచోట్లా 91 కాదు

మన వాళ్లు తేలిగ్గా తప్పు చేసేది ఇంకోటి ఉంది. పెట్రోల్ ఎంతవరకు నాకింగ్‌ను తట్టుకుంటుందో చెప్పేదే ఆక్టేన్ నంబర్. ఇండియాలో, ఆస్ట్రేలియాలో చెప్పే నంబర్ 'ఆర్‌ఓఎన్' పద్ధతిది. ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ95లో 95 అదే. అమెరికా బంకుల్లో రాసేది ఆర్‌ఓఎన్, ఎంఓఎన్ అనే రెండు పరీక్షల సగటు. అందుకే అమెరికాలో 91 అంటే ఆర్‌ఓఎన్‌లో సుమారు 95. సిడ్నీ బంకులో 91 పోయిస్తే అది అంతకంటే చాలా తక్కువ.

అమెరికా 93 మీద చేసిన ట్యూన్ ఫైల్‌ను ఫ్రెండ్ దగ్గర తీసుకుని 91 దొరికే కాలిఫోర్నియాలో వేసుకున్నా ఇదే సమస్య. ట్యూన్ ఏ పెట్రోల్ మీద చేశారో, కారు ఉన్నంతకాలం అదే పెట్రోల్ పోయించాలి.

చట్టం ఏం చెబుతోంది?

అమెరికాలో క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం పొల్యూషన్ తగ్గించే పరికరాలు తీసేయడం చట్టవిరుద్ధం. పాత మానిఫోల్డ్‌తో పాటు క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా వెళ్లిపోతుందని పైన చెప్పుకున్నాం కదా.. చిక్కు అక్కడే వస్తుంది. కాలిఫోర్నియాలో ఇంకా కఠినం. అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన 'ఎగ్జిక్యూటివ్ ఆర్డర్' నంబర్ కిట్‌కు ఉండాలి. అది లేకపోతే స్మాగ్ చెక్‌లో కారు ఫెయిల్. కిట్ కొనేముందు ఆ నంబర్ మీ మోడల్, మీ సంవత్సరానికే ఉందో చూసుకోవాలి.

వారంటీ సంగతి? బయటి పార్ట్ వేశారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చేయడానికి 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఒప్పుకోదు. కానీ ఆ పార్ట్ వల్లే పాడైందని తేలితే కంపెనీ క్లెయిమ్ ఇవ్వక్కర్లేదు. టర్బో వేశాక పిస్టన్ విరిగితే ఇక వాదించడానికి ఏముంటుంది?

ఆస్ట్రేలియాలో టర్బో లేని ఇంజిన్‌కు టర్బో వేస్తే ఇంజినీర్ సర్టిఫికెట్ కావాలి. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియాల్లో పీ ప్లేట్ మీద ఉన్నవాళ్లు పవర్ పెంచిన ఇంజిన్ కారును నడపకూడదు.

ఇండియాలో అయితే మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 వర్తిస్తుంది. తయారీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల ఫైన్, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

ఎక్కడున్నా ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాల్సిందే. చెప్పకుండా వేస్తే యాక్సిడెంట్ రోజున క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

డబ్బు ఎటు ముందు పెట్టాలి?

కిట్ ఒక్కటే కొన్ని వేల డాలర్లు. ఆ రేటు చూసి బడ్జెట్ వేసుకున్నవాళ్లే మధ్యలో ఇరుక్కుంటారు. క్లచ్, ట్యూనింగ్, డైనో అద్దె, ప్లగ్గులు, ఆయిల్ కూలర్, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు.. ఇవన్నీ వేరు. 300కు దగ్గరగా వెళ్లే కారును ఆపాల్సింది కూడా ఈ బ్రేకులే. కంపెనీ ఈ కారుకు ఇచ్చిన మిషెలిన్ ప్రైమసీ టైర్లు, ప్రియస్‌కూ వాడిన రకమే. కావాలనే అలా ఇచ్చారు. టర్బో వద్దు, నాలుగు చక్రాల డ్రైవ్ వద్దు, గ్రిప్ ఎక్కువ టైర్లు వద్దు అన్నది ఈ కారు చీఫ్ ఇంజినీర్ టెట్సుయా టాడా పెట్టుకున్న నియమం. తక్కువ వేగంలోనూ నడిపే సరదా తెలియాలన్నదే దాని ఉద్దేశం.

చేతిలో ఉన్న డబ్బు కిట్‌కు మాత్రమే సరిపోతే కిట్ కొనకపోవడమే మంచిది. ముందు ఇంజిన్ పరీక్ష, బ్రేకులు, టైర్లు. తర్వాత ట్యూనర్‌తో మాట్లాడి, ఆయన రోజూ ట్యూన్ చేసే కిట్ ఏదో కనుక్కోవడం. కిట్ డబ్బు, ట్యూనింగ్ డబ్బు రెండూ పక్కన పెట్టాకే ఆర్డర్ ఇవ్వడం.

ఇంకో దారి కూడా ఉంది. ఉన్న కారు అమ్మేసి కొత్త తరం జీఆర్86కు వెళ్లడం. అది 2.4 లీటర్లు, 228 హార్స్‌పవర్. పాత కారు నడిపేవాళ్లందరూ తిట్టుకునే ఆ మధ్య ఆర్‌పీఎం నీరసం ఇందులో చాలావరకు తీరింది. టర్బో లేకుండానే, వారంటీతో!

టర్బో తప్పు కాదు. సరిగ్గా వేసి, సరిగ్గా ట్యూన్ చేసి, బూస్ట్ గీత దాటని కార్లు రోజూ ఆఫీసుకు వెళ్లి వస్తున్నాయి. ఆగిపోతున్నవి ఎక్కువగా ట్యూనింగ్‌ను వచ్చే నెలకు వాయిదా వేసినవే. స్పానర్ పట్టుకునే ముందు ఈ తేడా తెలుసుకుంటే.. కారూ మిగులుతుంది, కష్టపడి దాచుకున్న డబ్బూ మిగులుతుంది.